గ్రహణానికి మాయమైన సూక్ష్మజీవి

నేను బళ్ళో చదువుకున్నది నాలుగో ఫారం దాకా. ఆ తరవాత చదివిందంతా గ్రంథాలయంలో. ఈ రెండో ముక్క అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. మాది మంగళగిరిలో నేతవాళ్ళ ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పుస్తకం చదివేవాడి వల్ల చీరకి ఎంత నష్టమో మా నాన్నకి బాగా తెలిసొచ్చింది. అందుకని నన్ను బెజవాడ పంపించి, గవర్నర్‌పేటలో మావాళ్ళు పెట్టిన బట్టల కొట్టులో కూర్చోబెట్టాడు. పుస్తకాలకి దూరం చేయాలని ఆయన ఉద్దేశం. కొట్టు వెనక సందులోనే గ్రంథాలయం ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నా చదువుకి ఒక పద్ధతి ఉండేది. నచ్చిన పుస్తకం ఎంచుకుని చదవడం సోమరుల లక్షణమని నా నమ్మకం. అందువల్ల మొదటి బీరువా పై అరలో ఎడమ చివర మొదలుపెట్టి వరసన చదువుకుంటూ వచ్చాను. నక్షత్రాలు, తేనెటీగల పెంపకం, రోము నగరపు నీటి కాలువలు, గుండెజబ్బులు, ఏది ముందొస్తే అది. కవిత్వం అయిదో బీరువాలో ఉండేది. పెళ్ళయ్యేనాటికి నేనింకా రెండో బీరువాలోనే ఉన్నాను. ఆ లోటు మా ఆవిడ చాలాకాలం భరించింది.

యుద్ధం రోజుల్లో మూడో బీరువాకి చేరాను. కాలం చేసిన ఒక డాక్టరుగారి పుస్తకాలు వాళ్ళ ఇంటివాళ్ళు గ్రంథాలయానికి ఇచ్చేస్తే అందులో పెట్టారు. వాటిలో ఒకటి సూక్ష్మజీవుల మీద, ఇటికంత లావు, ఇంగ్లీషులో. దాని వెనక సగం పేజీల అంచులు కొయ్యకుండా, అచ్చయి వచ్చినట్టే అంటుకుని ఉన్నాయి. ఆ డాక్టరుగారు ముందు సగంతోనే వైద్యం చేశారన్నమాట. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ముందు సగం నేనూ పూర్తిచేశాను. వెనక సగం విప్పుకుంటానంటే గుమస్తా ఒప్పుకోలేదు. గ్రంథాలయం పుస్తకానికి కత్తి పెట్టాలంటే కమిటీ తీర్మానం కావాలన్నాడు.

సగం పుస్తకమే అయినా అది చదివాక నేను మునుపటి మనిషిని కాలేకపోయాను. నీళ్ళు కాచి తాగేవాణ్ణి. కొట్టులో చిల్లర ముట్టుకుంటే చేతులు కడుక్కునేవాణ్ణి. గాలిలో, గోళ్ళలో, తలగడలో ఏమేం ఉన్నాయో భోజనాల దగ్గర మా ఆవిడకి వివరించేవాణ్ణి. ఆవిడ అన్నం వడ్డిస్తూ విని, "కంటికి కనపడని వాటి సంగతి చెప్పేటప్పుడు మీ గొంతు అచ్చం హరిదాసుగారి గొంతులా మారిపోతుందండీ" అంది. పొగిడిందనుకున్నాను.

ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల పొయ్యి మోసుకుంటూ, వంతెన ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా జనాన్ని దిగి నడవమనే బస్సులవి. దాంతో జట్కాలకి గిరాకీ వచ్చింది. మా కొట్టుకి స్టేషన్ నుంచి మూటలు తెచ్చే జట్కా ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆయన నాకంటే వయసులో పెద్ద, నిదానస్తుడు. రోజూ పొద్దున్నే బండి మా ఇంటి ముందు ఆపి, నేను స్నానం చేసి వచ్చేదాకా అరుగు మీద కూర్చునేవాడు. మా ఆవిడ అతన్ని అన్నయ్యా అనేది. అతను చెల్లెమ్మా అనేవాడు. నన్ను మాత్రం బాబుగారూ అనేవాడు. అది నా చదువుకి ఇచ్చే మర్యాద అనుకునేవాణ్ణి.

ఆ వేసవిలో అతని గుర్రానికి నోరు చెడింది. చొంగ కారేది. గడ్డిని నమిలి నమిలి ఉండలు చేసి కింద పడేసేది. బుగ్గ లోపల పుండు పడింది. జట్కాల తనిఖీకి వచ్చిన మునిసిపాలిటీ ఉద్యోగి ఆ నోరు చూసి, ఇది అంటురోగం కావచ్చునన్నాడు. వచ్చే తనిఖీ నాటికి నోరు శుభ్రంగా ఉంటే లైసెన్సు ఇస్తాననీ, లేకపోతే ఈ గుర్రం రోడ్డెక్కడానికి వీల్లేదనీ, అప్పటిదాకా నడుపుకోమనీ చెప్పాడు. అంటురోగమైతే అప్పటిదాకా మాత్రం ఎందుకు అంటుకోదని నేను అడగబోయాను. జట్కా అతను నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేశాడు.

ఇంకో గుర్రం కొనే తాహతు అతనికి లేదు. ముసలి గుర్రాన్ని, అందులోనూ నోరు చెడ్డదాన్ని, ఎవరూ కొనరు. బండి ఆగిపోతే అతని ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది. ఆ మాట అతను అనలేదు, అనక్కర్లేదు కూడా. నన్ను అడిగింది ఒకటే. ఇంగ్లీషు చదివినవాణ్ణి కాబట్టి పశువుల ఆసుపత్రికి నేను కూడా వచ్చి చెబితే, డాక్టరుగారు కాస్త గట్టి మందు ఇస్తారని.

పశువుల డాక్టరుగారు రిటైరు కావడానికి దగ్గరలో ఉన్నారు. ఆయన ఉద్యోగమంతా డెల్టాలో ఎద్దులకీ గేదెలకీ సూదులు వేయడంతోనే గడిచింది. చల్లపల్లి నుంచి అవనిగడ్డ దాకా ఏ గట్టు మీద ఏ దొడ్డి ఉందో ఆయనకి తెలుసు. గుర్రాలు మాత్రం అంతగా తెలియవు. తెలియవని ఆయనే చెప్పారు. ఆయన గదిలో గుడ్డ కప్పిన ఇత్తడి మైక్రోస్కోపు ఒకటి ఉండేది. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చారట. ఎద్దులు వరసలో నిలబడి ఉంటే దానితో పనేముంది?

నేను గుర్రం జబ్బు గురించి ఇంగ్లీషు మాటలు కలిపి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని, "ఎక్కడ చదివావోయ్?" అన్నారు. గ్రంథాలయంలో అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక డిగ్రీ ఉన్న మనిషి ఆ మాట విని నవ్వలేదు. లేచి మైక్రోస్కోపు మీద గుడ్డ తీశారు.

గుర్రం నోట్లోంచి దూదితో కాస్త చొంగ తీసి గాజుపలక మీద పూసి, స్పిరిటు దీపం మీద వెచ్చజేసి, ఊదారంగు వేసి, అయొడిన్ వేసి, కడిగి, మళ్ళీ ఎర్రరంగు వేశారు. మా ఇంట్లో నూలుకి రంగు వేసే పద్ధతికీ దీనికీ తేడా ఏమీ లేదు. ఏ పోగు ఏ రంగు పట్టుకుంటుందో చూడటమే. ఆయన చూసి, నన్ను చూడమన్నారు. సగం పుస్తకం చదివిన మనిషిని నేను. అక్కడ బొమ్మలుగా ఉన్నవి ఇక్కడ గుంపులు గుంపులుగా, కృష్ణలో పుష్కరాల జనంలా కనిపించాయి. గుండ్రటివి, పొడుగువి, గొలుసుల్లా ఉన్నవి. వాటి మధ్యలో ఊదారంగు గట్టిగా పట్టుకున్న పొట్టి కడ్డీలు, రెండేసి చొప్పున, ఒక చివర కొంచెం వంగి ఉన్నాయి.

నా పుస్తకంలో జంతువుల నోళ్ళ మీద ఒక అధ్యాయం ఉంది. కుక్కకి ఆరు పేజీలు, ఆవుకి నాలుగు, గుర్రానికి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర పేజీలో మిగతావన్నీ దొరికాయి. ఈ వంగిన జంట కడ్డీ దొరకలేదు. కుక్కలో వెతికాం, ఆవులో వెతికాం, గొర్రెలో వెతికాం. మర్నాడూ, ఆ మర్నాడూ చొంగ తీస్తే అది ఉంది, పుస్తకంలో లేదు. స్టాండులో మిగతా జట్కా గుర్రాల నోళ్ళు కూడా, వాటి యజమానుల్ని బతిమాలుకుని చూశాం. ఒక్కదానిలోనూ లేదు.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మెల్లగా అన్నారు. "ఇది ఎవరిదీ కాదోయ్. మనదే."

ఆయన ఆ మాట ఎందుకంత మెల్లగా అన్నారో తరవాత తెలిసింది. కాలేజీలో ఆయనతో చదువుకున్న ఒకాయనకి ఒక పురుగు ఉంది. గొర్రె కాలేయంలో దొరికిన పురుగు. దానికి ఆయన ఇంటిపేరు పెట్టారట, పరిశోధన పత్రికలో బొమ్మ కూడా వేశారట. పాతికేళ్ళుగా ఆ సహాధ్యాయి ఏ పెళ్ళిలో కలిసినా ఆ పురుగు సంగతి ఎత్తకుండా ఉండేవాడు కాదు. మా డాక్టరుగారు ఆయన కంటే మంచి మార్కులతో ప్యాసయ్యారు. పురుగు మాత్రం లేదు.

ఆ రోజు నుంచి పని శాస్త్రీయంగా మొదలైంది. నియమాలు నేను రాశాను, పుస్తకంలో ఉన్నట్టే. గుర్రం నోట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మన చేతి సూక్ష్మజీవులు దాని నోట్లోకి పోతే అంతా కలగాపులగం అవుతుంది. నీళ్ళలో మరిగించిన గాజుకడ్డీకి దూది చుట్టి, అదొక్కటే లోపలికి పోనివ్వాలి. పొద్దున్న చొంగ తీసేదాకా గుర్రానికి మేత పెట్టకూడదు, నీళ్ళు పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మందు వేయకూడదు. పుండ్లు కడిగే ఊదారంగు నీళ్ళు పోస్తే పుండు మాటేమో గాని, మన జీవి బతకదు. ఇవన్నీ జట్కా అతనికి ఒక్కొక్కటే చెప్పి మళ్ళీ అప్పజెప్పించుకున్నాను. "మేత లేదు, నీళ్ళు లేవు, మందు లేదు" అన్నాడతను. చివరిది కొంచెం ఆగి అన్నాడు.

గాజుకడ్డీలు మరిగించడానికి మా ఆవిడ వంటింటి పొయ్యి ఇవ్వలేదు. గుర్రం నోట్లోవి తన అన్నం గిన్నె పక్కన ఉడకడానికి వీల్లేదంది. పెరట్లో కుంపటి పెట్టుకున్నాను. రోజూ పొద్దున్న నేను పెరట్లో కుంపటి దగ్గర కూర్చుని, కడ్డీలు ఉడికి, చల్లారి, ఉతికిన గుడ్డలో చుట్టేదాకా ఇంటి ముందు ఏం జరుగుతోందో చూసేవాణ్ణి కాదు. చూడాలని తోచలేదు కూడా. సూక్ష్మజీవుల శుభ్రత అంతా పెరట్లోనే జరుగుతోందని నా ధైర్యం.

కొత్త జీవి గుణాలు కనిపెట్టాలంటే దానికి రకరకాల ఆహారాలు పెట్టి చూడాలి. చక్కెర నీళ్ళలో వేశాం, పులిసింది. మాంసం రసంలో వేశాం, పెరిగింది. కాచి చల్లార్చిన పాలలో వేసి మూతపెట్టాం. మర్నాటికి పాలు గడ్డకట్టి, నీలం లిట్మసు ఎర్రబడింది. ఆ గాజు గొట్టం డాక్టరుగారు కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. ఇంత బలమైన ఆమ్లం తయారుచేసే జీవి గుర్రం నోట్లో ఉందంటే, పుండుకి కారణం అదే అయి తీరాలని మేమిద్దరం తేల్చేశాం. ఇప్పుడది కొత్త జీవే కాదు, కొత్త జబ్బు కూడా. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడకి చెప్పాను, ఒక్క చుక్క పాలలో వేస్తే తెల్లారేసరికి పాలన్నీ గట్టిపడ్డాయని.

"తోడేస్తే తోడుకోవా?" అంది.

ఆడవాళ్ళకి శాస్త్రం చెప్పడంలో ఇదే కష్టమని అనుకుని పెరుగన్నం కలుపుకున్నాను.

పేరు దగ్గర మా ఇద్దరికీ చిన్న తేడా వచ్చింది. లాటిన్‌లో రెండు మాటలుండాలి. మొదటి మాట మీద తగువు లేదు. రెండోది డాక్టరుగారికి తన ఇంటిపేరు కావాలి. దానికి లాటిన్ తోక తగిలించి కాగితం మీద రాసి కూడా చూసుకున్నారు. నేను బెజవాడ పేరు ఉండాలన్నాను. ఊరి మీద నా అభిమానం చూసి ఆయన ముచ్చటపడ్డారు. నా మనసులో మూడో పేరు ఒకటి ఉండేది, మా నేత ఇంటిపేరు. అది నేను పైకి అనలేదు. ఇలా మేం ఒకరి మాట ఒకరు కాదనకుండా వారం రోజులు వాదించుకున్నాం. గుర్రం వసారాలో నిలబడి చొంగ కారుస్తూ ఉండేది. జట్కా అతను తలుపు దగ్గర నిలబడి, మందు ఎప్పుడేస్తారండీ అని రోజుకోసారి అడిగేవాడు. ఇంకొంచెం ఓపిక పట్టవయ్యా అని డాక్టరుగారు రోజుకోసారి చెప్పేవారు. పరిశోధనాలయానికి పంపాల్సిన వ్యాసం సగం తయారైంది.

ఇంతలో సూర్యగ్రహణం వచ్చింది.

గ్రహణాలు మొదటి బీరువాలో ఉన్నాయి. అందువల్ల ఊరందరికీ చెప్పే బాధ్యత నాదయింది. జట్కా స్టాండులో నిమ్మకాయ ఒకటి, నేరేడుపండు ఒకటి పట్టుకుని, ఇది నీడ తప్ప మరేం కాదనీ, నీడ వల్ల అన్నం చెడదు, నీళ్ళు చెడవనీ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ఎవరో నిమ్మకాయ అడిగి తీసుకున్నారు. గ్రహణం పట్టిన వేళ ఇంటి అరుగు మీద నిలబడి, నలుగురూ చూసేలా అరటిపండు తిన్నాను. నలుగురు కాదు కదా ఒక్కడూ లేడు. వీధంతా తలుపులు వేసుకుని లోపల ఉంది. విడుపు స్నానాలయ్యాక అన్ని ఇళ్ళలోనూ కడుగుళ్ళు మొదలయ్యాయి. మా ఆవిడ కూడా మామూలుగానే కుండల్లో నీళ్ళు పారబోసి, ఇల్లు కడిగింది. నేను ఆక్షేపించలేదు. కడగడం శాస్త్రానికి విరుద్ధం కాదు.

మర్నాడు చొంగ తీసి చూస్తే మా జీవి లేదు.

ఇంకో పలక వేశాం. లేదు. రంగులు మార్చాం, కడ్డీ మార్చాం, గుర్రం రెండో బుగ్గలోంచి తీశాం. గుండ్రటివి ఉన్నాయి, గొలుసులు ఉన్నాయి. వంగిన జంటలు మాత్రం ఒక్కటీ లేవు. మూడో రోజూ అంతే. డాక్టరుగారు తల పైకెత్తకుండా, మైక్రోస్కోపులో చూస్తూనే అడిగారు.

"గ్రహణం సంగతి నువ్వేమన్నావు మొన్న?"

"నీడ అన్నానండి."

"నీడకి చచ్చిపోతాయంటావా?"

ఆ సాయంత్రం మొదటి బీరువా దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, మూడేళ్ళ తరవాత. ఖగోళ శాస్త్రం పుస్తకంలో సూక్ష్మజీవుల మాట లేదు, సూక్ష్మజీవుల పుస్తకంలో గ్రహణం మాట లేదు. రెండూ చదివినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే కాబట్టి ఈ రెంటినీ కలపాల్సిన బాధ్యత కూడా నా మీదే పడింది. గ్రహణ కిరణాల ప్రభావం మీద వ్యాసంలో ఒక పేరా చేర్చాలని డాక్టరుగారు అన్నారు. చేర్చే ముందు ఎవరికీ చెప్పవద్దని ఇద్దరం అనుకున్నాం. మా వీధి చివర పురోహితుడుగారు ఎదురైతే నేను పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టాను. స్టాండులో నేను నిమ్మకాయతో చెప్పిందంతా ఆయన చెవిన పడే ఉంటుంది.

వారం దాటాక ఒకరోజు పలక మీద వంగిన జంటలు మళ్ళీ కనిపించాయి. మొదట పలచగా, రెండు మూడు రోజుల్లో మునుపటిలా గుంపులుగా. డాక్టరుగారి ముఖం వికసించింది. గ్రహణ ప్రభావం తాత్కాలికమని రాసుకున్నారు. ఆ సంతోషంలో తనిఖీ దగ్గరపడిన సంగతి మా ఇద్దరికీ గుర్తులేదు. గుర్తున్నవాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కొన్నాళ్ళుగా అతను మందు మాట అడగడం మానేశాడు. గుర్రం డొక్కలు తేలాయి. ఆ రోజు ఆసుపత్రి నుంచి కొట్టుకి వెళ్తున్నప్పుడు, పగ్గాలు చేతిలో పెట్టుకుని, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"బాబుగారూ, ఒక మాట. ఆ పురుగు బతకాలా, నా గుర్రం బతకాలా? రెండూ బతికే దారుంటే చెప్పండి. లేదంటే లేదని చెప్పండి, ఇంకేదైనా పని చూసుకుంటాను."

శాస్త్రం నిదానంగా నడుస్తుందని, కానీ దాని ఫలం లోకంలో గుర్రాలన్నిటికీ అందుతుందని చెప్పాను. అతను చివరిదాకా మర్యాదగా విన్నాడు. "లోకంలో గుర్రాల సంగతి కాదండీ" అన్నాడు. గుర్రాన్ని అదిలించాడు.

మర్నాడు పొద్దున్న కుంపటి దగ్గర నాకు కుదురు లేకపోయింది. గుర్రం నోరు ఎంత చెడిందో కడ్డీతో కాకుండా కళ్ళతో చూద్దామనిపించి, పెరట్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వీధిలోకి వచ్చాను. మా ఆవిడ వీధి గుమ్మం ముందు నిలబడి, పెద్ద సత్తు గిన్నె గుర్రం మూతి కింద పట్టుకుని ఉంది. గుర్రం చప్పుడు చేస్తూ తాగుతోంది. జట్కా అతను దాని మెడ నిమురుతున్నాడు.

"ఏం పోస్తున్నావు?" అన్నాను.

"తరవాణి."

తరవాణి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు రోజూ ఒక కుండలో పోసి, ఉప్పు వేసి, నిమ్మాకు వేసి పులవనిస్తాం. వేసవిలో అదే తాగుతాం, అందులోనే చద్దన్నం వేసుకుని తింటాం. ఆ కుండ ఏనాడూ ఖాళీ కాదు. తీసినంత తీసి, మళ్ళీ పోస్తారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దానికి నోరు చెడిన దగ్గర్నుంచీనండి. నోరంతా పుండయి ఉంది, ఆ పైన పచ్చి నీళ్ళు కూడా పట్టొద్దన్నారటగా మీరు. ఎండలో ఎలా నిలబడుతుంది అది?"

నేను జట్కా అతని వైపు తిరిగాను. ఏమీ పెట్టకూడదని చెప్పలేదా అన్నాను.

"మేత పెట్టలేదండీ. నీళ్ళూ పెట్టలేదు" అన్నాడతను, అమాయకంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "తరవాణి మేతెలా అవుతుందండీ? చెల్లెమ్మ పోసింది, అది తాగింది."

నేను మా ఆవిణ్ణి అడగాల్సింది ఇంకొకటే ఉంది. అడగడానికి ఇష్టం లేకపోయినా అడిగాను. గ్రహణం తరవాత కూడా పోశావా అని.

"ఎక్కణ్ణుంచి పొయ్యను? కుండ పారేశాను కదండీ. పక్కింటివాళ్ళని కాస్త అడుగుదామంటే వీధిలో ఎవరింట్లోనూ మిగల్లేదు. కొత్త కుండలో దాని మానాన అది పులవడానికి వారం పట్టింది. ఆ వారం పాపం దానికి ఏమీ లేదు."

గుర్రం గిన్నె అడుగు నాకడం పూర్తి చేసింది.

ఒక చెంబులో తరవాణి పోయించుకుని, పైన గుడ్డ కట్టి, ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అది ఎందుకు తెచ్చానో డాక్టరుగారికి చెప్పకుండా ఒక చుక్క పలక మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆయన చూసి, చాలా బాగా వచ్చిందోయ్ ఈ రోజు, ఇంత చిక్కగా ఎప్పుడూ రాలేదు అన్నారు. అప్పుడు చెప్పాను. చెంబు చూపించాను.

ఆయన చెంబు మీది గుడ్డ విప్పి వాసన చూశారు. వాళ్ళింట్లోనూ చిన్నప్పటి నుంచీ ఉన్న వాసనే అయి ఉంటుంది. బల్ల మీద ఉన్న వ్యాసం కాగితాలు దగ్గరికి తీసి, అంచులు సమంగా సర్ది, సొరుగులో పెట్టారు. నేను ఏదో ఓదార్పు మాట కోసం వెతుక్కుంటున్నాను. ఇంగ్లీషులో ఒకటి దొరికింది గాని, ఆయన వినే స్థితిలో లేరు.

"పేర్లు పెట్టడం అయిపోయింది" అన్నారు. "పద, ఇక గుర్రాన్ని చూద్దాం."

చొక్కా చెయ్యి పైకి మడిచి, వసారాలోకి వచ్చి, జట్కా అతన్ని తల గట్టిగా పట్టుకోమని, గుర్రం నాలుక ఒక పక్కకి లాగి, చెయ్యి మోచేతి దాకా నోట్లో పెట్టారు. ఇన్నాళ్ళలో ఆ నోట్లో చెయ్యి పెట్టడం అదే మొదలు. గాజుకడ్డీ తప్ప మరేదీ పోకూడదని నియమం రాసింది నేనే. ఆయన వేళ్ళు లోపల దవడ పళ్ళ మీద నడుస్తూ ఒకచోట ఆగాయి. ఆయన ముఖంలో నాకు మొదట నొప్పి కనిపించింది, తరవాత ఇంకేదో. చెయ్యి బయటికి తీస్తే చూపుడు వేలు చివర గీసుకుపోయి నెత్తురు వస్తోంది.

"పన్నోయ్" అన్నారు. "దవడ పన్ను బయటి అంచు కత్తిలా పెరిగింది. నమిలినప్పుడల్లా బుగ్గ కోసేస్తోంది."

పొడుగు పిడి ఉన్న ఆకురాయి ఒకటి ఆసుపత్రి అటకమీద దుమ్ములో దొరికింది. ఎవరో గుర్రాలు తెలిసిన పాత డాక్టరు వదిలి వెళ్ళింది. డాక్టరుగారు చెమటలు కక్కుతూ దానితో పన్ను అంచు అరగదీశారు. వసారా అంతా ఇనుముతో రాయి గీసినట్టు చప్పుడు. గుర్రం వెనక కాళ్ళతో నేల తన్నింది, జట్కా అతను దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. అయిపోయాక ఊదారంగు నీళ్ళతో నోరంతా కడిగారు. ఆ నీళ్ళు నేల మీద పారుతుంటే, నేను కొంచెం పక్కకి జరిగి నిలబడ్డాను. మేం ఎంతో జాగ్రత్తగా కాపాడిన జీవులు అందులో పోతున్నాయి కదా.

మర్నాటికే గుర్రం గడ్డి ఉండలు పడెయ్యడం మానేసింది. ఉలవలు ఉడకబెట్టి పెడితే తొట్టి నాకేసింది. తనిఖీ రోజుకి పుండు ఎండి, ఎర్రటి మచ్చ మిగిలింది. నేనూ కొట్టు మూయించి స్టాండుకి వెళ్ళాను. మునిసిపాలిటీ ఉద్యోగి గుర్రం పెదవి ఎత్తి, ఒక పక్క చూసి, రెండో పక్క చూసి, ఆ మచ్చ దగ్గర ఆగాడు. ఉద్యోగి పెదవి వదిలేసి, చెయ్యి గుర్రం జూలుకే తుడుచుకుని, కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. జట్కా అతను దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని, అక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చూపించాడు. ఆవిడకి చదవడం రాదు. అయినా అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా దాచుకో అన్నయ్యా అందట.

జబ్బు ఎలా తగ్గిందో స్టాండులో అడిగినవాళ్ళకి అతను చెప్పిన వివరం వేరు. పన్ను సంగతి చివర్లో, ఉంటే ఉంటుందన్నట్టు చెప్పేవాడు. గ్రహణంతో పీడ వదిలిందనీ, తరవాణితో లోపల చల్లబడిందనీ, డాక్టరుగారు ఆకురాయితో మిగిలింది దులిపేశారనీ అతని సిద్ధాంతం. నేను పక్కనే నిలబడి ఉంటే, "కావాలంటే బాబుగారినడగండి, అద్దాల్లో చూశారు, గ్రహణం నాడు పురుగులన్నీ మాయం" అనేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. దాన్ని ఎక్కణ్ణుంచి ఖండించాలో నాకు తెలిసేది కాదు. ఆ వేసవి అయ్యేదాకా పొద్దున్నే మా ఇంటి ముందు మూడు నాలుగు జట్కాలు ఆగి ఉండేవి. మా ఆవిడ రెండో కుండ పెట్టింది.

డాక్టరుగారు ఆ వ్యాసం మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ వారానికోసారి జట్కా అతనితో ఖాళీ చెంబు పంపేవారు, "నా జీవిని కొంచెం పంపించు" అని కబురు పెట్టి. రిటైరై వెళ్ళేటప్పుడు మైక్రోస్కోపు మీద గుడ్డ ఆయనే కప్పారు. ఈసారి కప్పింది మా ఇంటి మగ్గం మీది గుడ్డ, మంగళగిరి నేత. నేనే ఇచ్చాను.

మరుసటి ఏడు గ్రంథాలయం కమిటీ తీర్మానం చేసి నాకు కాగితాల కత్తి ఇచ్చింది. గుమస్తా పక్కన నిలబడి చూస్తుండగా వెనక సగం విప్పాను. పులిసిన పదార్థాల అధ్యాయంలో, మొదటి పేజీలోనే, మా వంగిన జంట కడ్డీ ఉంది. బొమ్మతో సహా. పాలు తోడుకోవడం, లిట్మసు ఎర్రబడటం, అన్నీ అయిదు వాక్యాల్లో రాశారు. దానికి పేరు పెట్టి చాలా ఏళ్ళయింది. పెట్టినాయన పుట్టింది ఎక్కడో చలి దేశంలో. ఆయన తరవాణి తాగి ఉండడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి ఆ సంగతి మా ఆవిడతో చెప్పాను. నా మొహం చూసి ఆవిడ నవ్వలేదు. కంచంలో చద్దన్నం పెట్టి, తరవాణి పోసి, అడిగింది.

"మీరు పెడదామనుకున్న పేరేంటండీ?"

డాక్టరుగారికి కూడా చెప్పని ఆ మూడో పేరు చెప్పాను, లాటిన్ తోకతో సహా. ఆవిడ తల పక్కకి వాల్చి విని, మా ఇంటిపేరు అందులో పట్టుకుని, మళ్ళీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. బాగుందంది. కుండ మూత తీసి గరిటె ముంచింది.

"ఇంకొంచెం పొయ్యనా?"

పొయ్యమన్నాను.